చంద్రుడి మీద ఎన్నాళ్ళున్నారు?

నేను పెళ్ళి ఫోటోలు తీస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. నరసాపురంలో ఒక మేడమీద నా స్టూడియో. పాపారావు ఆల్బం చెయ్యని పెళ్ళి పెళ్ళే కాదని నేను అనను, జనం అంటారు. కాదనడం మర్యాద కాదని ఊరుకుంటాను.

ఆల్బం అంటే ఏమిటో ముందుగా చెప్పాలి. ఎందుకంటే ఆల్బం అంటే తెలియని మనుషులు ఈ రాష్ట్రంలో ఇద్దరున్నారనీ, ఆ ఇద్దరూ ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారనీ నాకు ఈమధ్యే తెలిసింది. ఆల్బంలో నలభై పేజీలుంటాయి. మొదటి పాతిక పేజీల్లో పెళ్ళి జరుగుతుంది. పెళ్ళికూతుర్ని చెయ్యడం, జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ వరసగా ఉంటాయి. మిగతా పదిహేను పేజీల్లో జరిగేదంతా నేను జరిపిస్తాను. వధూవరులు మంచుకొండల ముందు నిలబడతారు. తామరాకు మీద నీటిబొట్టులో కూర్చుంటారు. గాజు గ్లాసులో నిలబడి ఒకరినొకరు చూసుకుంటారు. నెలవంక మీద కాళ్ళు వేలాడేసుకుని ఊగుతారు. నా కంప్యూటర్లో ఇలాంటి దృశ్యాలు ఎనిమిది వందలున్నాయి. ఇన్నేళ్ళలో ఎవరూ ఇదేంటని అడగలేదు. మా తోడికోడల్ని విదేశాలు తిప్పావు, మమ్మల్ని మాత్రం పూలతోటతో సరిపెట్టావని తగువుకొచ్చినవాళ్ళు మాత్రం ఉన్నారు.

కాశీ పెళ్ళి ఆల్బం కూడా అలాగే చేశాను. కాశీ మా వీధి కుర్రాడే. పేరుపాలెం పక్కన సముద్రపొడ్డున ఉన్న రొయ్యపిల్లల హేచరీలో ఎలక్ట్రీషియన్. అక్కడ కరెంటు పోయి గాలి మోటార్లు ఆగితే లక్షల పిల్లలు గంటలో చచ్చిపోతాయి, అందుకని అతను నిద్రలో కూడా జనరేటరు చప్పుడు వింటూనే ఉంటాడు. అదే హేచరీలో లాన్ అనే అమ్మాయి టెక్నీషియన్. వియత్నాం నుంచి వచ్చింది. మైక్రోస్కోపులో రొయ్యపిల్ల పేగు చూసి దాని జబ్బేమిటో, అది ఎన్నాళ్ళు బతుకుతుందో చెబుతుంది. మూడేళ్ళు ఒకే షెడ్డులో పనిచేశారు. తెలుగు ఆ టాంకుల దగ్గరే నేర్చుకుంది కాబట్టి ప్రతి మాటకీ చివర 'అండి' తగిలిస్తుంది. ఒకసారి పాముని చూసి కూడా "పామండి" అని అరిచిందట.

కాశీ తల్లి మంగతాయారమ్మ ఈ సంబంధం విని రెండు రోజులు అన్నం మానేసింది. మూడోరోజు లాన్ వచ్చి చేపల పులుసు వండిపెట్టింది. మంగతాయారమ్మ రుచి చూసి ఉప్పు తక్కువైందని చెప్పింది. మా వైపు దాన్ని ఒప్పుకోవడం అంటారు. మాఘ శుద్ధ ఏకాదశినాడు పెళ్ళయింది.

పెళ్ళయ్యాక లాన్ ఇక్కడే ఉండాలంటే దాంపత్య నివాస అనుమతి కావాలి. జిల్లా కేంద్రంలో దానికోసం కొత్తగా ఒక ఆఫీసు పెట్టారు. పేరు విదేశీ వైవాహిక నిర్ధారణ కార్యాలయం. దరఖాస్తుతో పాటు పెళ్ళి ఆల్బం అసలు ప్రతి ఇమ్మన్నారు. కాశీ బతిమాలితే, మామూలుగా ఆరు నెలలకిచ్చే ఆల్బం పదిరోజుల్లో ఇచ్చాను. అంత తొందరగా ఇచ్చినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మేం దరఖాస్తు పెట్టిన నెలలోనే ఆ ఆఫీసు పెద్దాయన ఎక్కడో రెండు రోజుల శిక్షణకి వెళ్ళి, ఒక వాక్యం నేర్చుకుని వచ్చారు. ఫోటో అబద్ధం చెప్పదు. ఆ వాక్యం ఆయనకి ఎంత నచ్చిందంటే, వచ్చిన మర్నాడే దాన్ని మెమో నంబరు పద్నాలుగుగా జారీచేశారు. 'దరఖాస్తుదారులు సమర్పించు ఛాయాచిత్రమునందు కనిపించు ప్రతి అంశమును యథార్థముగా జరిగినదానిగా పరిగణించవలెను. ఛాయాచిత్రమునందు కనిపించని ఏ అంశమును జరిగినదానిగా పరిగణించరాదు.' ఆ తర్వాత ఆయనకి ప్రమోషన్ వచ్చి వెళ్ళిపోయారు. మెమో మాత్రం ఉండిపోయింది.

జూన్ మొదటివారంలో నాకో లేఖ వచ్చింది. 'విషయం: స్విట్జర్లాండు. పై విషయమై ఛాయాగ్రాహకులు దంపతులతో సహా స్వయముగా హాజరై వివరణ ఇవ్వవలెను.' స్విట్జర్లాండు విషయంలో ప్రభుత్వం నన్ను సంప్రదిస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కాశీ, లాన్, మంగతాయారమ్మలతో కలిసి బయల్దేరాను.

ఆఫీసులో ఇద్దరున్నారు. సహాయ నిర్ధారణాధికారి కృపానందం గారు, సూపరింటెండెంటు భ్రమరాంబ గారు. కృపానందం గారు మాట్లాడుతుంటే ఎవరో లేఖ చదువుతున్నట్టుంటుంది. మొహంలో నవ్వు అనేది లేదు, ఎప్పుడైనా ఉండేదన్న ఆనవాళ్ళు కూడా లేవు. భ్రమరాంబ గారి బల్ల మీద ఒకపక్క రూల్సు పుస్తకం, ఇంకోపక్క పంచాంగం ఉన్నాయి. రెండూ సమానంగా నలిగి ఉన్నాయి.

"దరఖాస్తు పద్దెనిమిదో కాలమ్," అని కృపానందం గారు మొదలుపెట్టారు. "దంపతులు కలిసి పర్యటించిన విదేశములు. లేవు అని వ్రాసినారు. ఆల్బం ఇరవై ఏడో పేజీలో దంపతులు స్విట్జర్లాండునందు మంచుకొండల ఎదుట నిలబడియున్నారు. వధువు చేతిలో కొబ్బరిబోండం కూడా ఉన్నది."

"అది బ్యాక్‌గ్రౌండండి," అన్నాను.

"అనగా?"

"వెనకాల ఉండేదండి."

"వెనక కొండలున్నవి. కొండల ముందు వీరున్నారు. అంటే వీరు కొండల ముందు ఉన్నట్టే కదా?"

"కొండలు నేను తర్వాత పెట్టానండి."

"కొండలు మీరు పెట్టారా?" భ్రమరాంబ గారు కళ్ళజోడు సర్దుకుని నన్ను పైనుంచి కిందదాకా చూశారు.

లాన్ లేచి నిలబడింది. "మేం అక్కడికి వెళ్ళలేదండి. పెళ్ళయ్యాక పేరుపాలెం బీచికి వెళ్ళామండి. మొక్కజొన్న పొత్తులు తిన్నామండి."

"ఫోటో ఉన్నదా?" అని అడిగారు కృపానందం గారు.

"లేదండి."

"అయితే వెళ్ళనట్టే."

ఇదంతా నా వల్లే వచ్చింది కాబట్టి నేనే తేల్చేస్తానని కాగితం, పెన్ను అడిగాను. ఆ ఫోటో కల్పితమని రాసి సంతకం పెడతానన్నాను. కృపానందం గారు పెన్ను నాకందేలోపే వెనక్కి తీసుకున్నారు.

"ఆలోచించి వ్రాయండి. ఇరవై ఏడో పేజీ కల్పితమైతే పదకొండో పేజీ సంగతేమిటి? అందులో తాళి కట్టుచున్నారు. అదే ఆల్బం, అదే అట్ట, అదే ఛాయాగ్రాహకుడు. ఒకే అట్టలో కుట్టిన పత్రములన్నీ ఒకే స్వభావము గలవని మాకు సర్క్యులర్ ఉన్నది. స్విట్జర్లాండు అబద్ధమైతే తాళి కూడా అబద్ధం. అప్పుడు ఈమెను ఏ హోదాలో ఇక్కడ ఉంచాలి?"

మంగతాయారమ్మ అంతవరకూ తలుపు దగ్గర ఓర్చుకుని నిలబడింది. "తాళి అబద్ధమేంటండీ! మూడు ముళ్ళూ దగ్గరుండి చూసుకున్నాను. మూడోది మా ఆడపడుచు బిగించింది. కావాలంటే దాన్ని పిలిపిత్తాను."

"మీరు చూసినది మౌఖికం, అమ్మా," అన్నారు కృపానందం గారు, ఓదార్పుగానే.

"మరేం చెయ్యమంటారు సార్?" అని కాశీ అడిగాడు.

దారి భ్రమరాంబ గారు చూపించారు. ప్లాను లేకుండా కట్టిన మేడల్ని ప్రభుత్వం క్రమబద్ధీకరించడం లేదా? అలాగే అనుమతి లేకుండా చేసిన ప్రయాణాల్ని కూడా క్రమబద్ధీకరించవచ్చు. స్విట్జర్లాండు వెళ్ళినట్టు ఒప్పుకుంటే చాలు. ఒప్పుకున్నాం. ప్రయాణ సాధనం అన్నచోట కాశీ ఒక గీత పెట్టాడు. గీత కుదరదన్నారు. 'బస్సు' అని రాశాడు. అంగీకరించారు.

బస్సులో తిరిగొచ్చాం. లాన్‌కి అప్పుడు నాలుగో నెల. కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. తన వీసా ఆగస్టు పదో తారీకుతో ఆఖరు. ఆలోపు అనుమతి రాకపోతే దేశం వదిలి వెళ్ళాలి. వెళ్తే మళ్ళీ మొదట్నుంచీ దరఖాస్తు, కనీసం రెండేళ్ళు. కాన్పు అక్కడ, తండ్రి ఇక్కడ. నాకు ఆ మంచుకొండల్ని తలుచుకుంటే అసహ్యం వేసింది. ఇరవై రెండేళ్ళలో ఆ కొండల ముందు ఎంతమందిని నిలబెట్టానో లెక్కలేదు.

రెండు వారాలకి మళ్ళీ పిలిచారు. ఈసారి విషయం: గ్లాసు.

"పాస్‌పోర్టు ప్రకారం దరఖాస్తుదారు ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు," అన్నారు కృపానందం గారు. "ముప్పై ఒకటో పేజీలో గ్లాసునందు నాలుగంగుళాలు మాత్రమే ఉన్నారు. ఈ వ్యక్తీ ఆ వ్యక్తీ ఒకరేనని ఎట్లు నిర్ధారించుట?"

"పక్కన నేనూ నాలుగంగుళాలే ఉన్నాను సార్," అన్నాడు కాశీ.

"మీరు భారత పౌరులు. మీ ఎత్తుతో మాకు పనిలేదు."

పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడి డాక్టరు లాన్‌ని గోడకి నిలబెట్టి కొలిచి, 'ప్రస్తుతము ఐదడుగుల రెండంగుళములు. తగ్గు సూచనలు లేవు' అని రాసిచ్చారు. నాలుగంగుళాల గొడవేమిటని ఆయన అడగలేదు. ఆయనా ప్రభుత్వోద్యోగే.

గ్లాసులోంచి బయటపడ్డామనుకునేసరికి చంద్రుడు వచ్చాడు. ముప్పై ఆరో పేజీ. నెలవంక మీద ఇద్దరూ కూర్చుని ఉంటారు. కింద మేఘాలు, చుట్టూ నక్షత్రాలు. నిజం చెప్పాలంటే ఆ ఆల్బం మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ అది. దేశం పేరు రాయాల్సిన కాలమ్‌లో ఏం రాయాలో తెలియక ఆఫీసువాళ్ళు పైకి రాశారు. పైనుంచి సమాధానం రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ కాశీ రోజూ ఆఫీసుకి ఫోన్ చేసేవాడు. చంద్రుడి ఫైలు పరిశీలనలో ఉందనేవారు. చివరికి జూలై పదిహేనున జవాబు వచ్చింది. 'చంద్రమండలము ఏ దేశ పరిధిలోనికీ రాదు. కావున నిరభ్యంతర పత్రము అవసరము లేదు. అయితే దంపతులు అచ్చట ఎన్ని దినములున్నది, ఏ తేదీన వెళ్ళినది నిర్ధారించవలెను.'

"చంద్రుడి మీద ఎన్నాళ్ళున్నారు?" అని అడిగారు కృపానందం గారు.

కాశీ నావైపు చూశాడు. నేను పైకప్పు చూశాను. లాన్ మాత్రం జవాబు చెప్పింది. "ఒక్కరోజు కూడా లేమండి. హేచరీకి సెలవు పెట్టలేదండి."

తేదీ సంగతి తాను చూస్తానని భ్రమరాంబ గారు పంచాంగం తెరిచారు. ఫోటో మీద స్కేలు పెట్టి చంద్రుణ్ణి కొలిచారు. "ఇది శుద్ధ తదియనాటి చంద్రుడు. వివాహం మాఘ శుద్ధ ఏకాదశి. ఆల్బం కార్యాలయానికి చేరినది పెళ్ళైన పదిరోజులకి. ఆ పదిరోజుల్లో శుద్ధ తదియ లేదు. కనుక ఈ ఫోటో మాఘ శుద్ధ తదియనాటిది. అనగా..." ఆవిడ గొంతు తగ్గించారు. "పెళ్ళికి ఎనిమిది రోజుల ముందు."

ఆవిడ ఫోటోని ఆయన వైపు తిప్పారు.

"పెళ్ళికి ముందే ఇద్దరూ ఒంటరిగా చంద్రుడి మీద ఉన్నారు," అన్నారు కృపానందం గారు.

మంగతాయారమ్మ మొహం కందిపోయింది. "మావోడు అలాంటోడు కాదండీ! పెళ్ళికి ముందు ఆ పిల్లతో బండి మీద కూడా ఎక్కనిచ్చేదాన్ని కాదు. చంద్రుడి మీదకి పంపుతానా?"

"ఆ రోజు నాకు గుర్తుందండి," అంది లాన్. మనిషికి నిజం చెబితే మేలు జరుగుతుందని ఆ అమ్మాయి ఇంకా నమ్ముతోంది. "రొయ్యపిల్లలకి జబ్బు వచ్చిందండి. నేనూ ఈయనా రోజంతా టాంకుల దగ్గరే ఉన్నామండి."

"ఇద్దరూ కలిసే ఉన్నారన్నమాట," అని భ్రమరాంబ గారు రాసుకున్నారు.

కానీ ఆవిడ మనసున్న మనిషి. ఆడపిల్ల పరువు సంగతి కదా అని మళ్ళీ ఒక దారి వెతికారు. పెద్దవాళ్ళెవరైనా తోడుగా ఉన్నట్టు కనిపిస్తే దోషం లేదట. ఆ ఫోటో ఇంకొంచెం వెడల్పుగా ఉన్న ప్రతి మీ దగ్గరేమైనా ఉందా అని నన్నడిగారు. అప్పుడు నా బుర్ర కొంచెం వెలిగింది. ఉందండి, రేపు తెస్తానన్నాను.

సాయంత్రం మంగతాయారమ్మని స్టూడియోలో స్టూలు మీద కూర్చోబెట్టాను. మొదట ససేమిరా అంది. చంద్రుడు దేవుడు, ఆయన మీద కూర్చుంటే కళ్ళు పోతాయంది. కోడలు వెళ్ళిపోతుందని చెప్పాక పట్టుచీర కట్టుకుని వచ్చింది. నెలవంక కుడికొమ్ము దగ్గర ఆవిణ్ణి కూర్చోబెట్టాక తెర దగ్గరకి వంగి చూసుకుంది. తర్వాత, "తమ్ముడూ, ఎడంపక్క ఇంకా చోటుంది కదా. మా చెల్లెల్ని కూడా కూర్చోబెట్టరాదూ, పాపం దాన్ని ఎవరూ ఎక్కడికీ తీసుకెళ్ళరు," అంది. కూర్చోబెట్టాను.

కృపానందం గారు కొత్త ఫోటోని కిటికీ వెలుతురులో చూశారు. మనుషుల్ని లెక్కపెట్టారు. "పెద్దలు ఇరువురు ఉన్నారు. సంతృప్తికరం," అని ముద్ర వేశారు. నిన్న ఇద్దరున్న చంద్రుడి మీద ఇవాళ నలుగురెలా వచ్చారని ఆయన అడుగుతారేమోనని నేను గుమ్మం వైపు జరిగి నిలబడ్డాను. అడగలేదు.

పదిరోజుల తర్వాత మళ్ళీ పిలిచి, ఇక ఒకే ఒక్కటి మిగిలిందన్నారు. దంపతులు ప్రస్తుతం కలిసి ఉంటున్నట్టు తాజా ఫోటో కావాలి. అప్పటికి జూలై ఆఖరి వారం. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈసారి కొండలూ వద్దు, గ్లాసులూ వద్దు, ఉన్నది ఉన్నట్టు తీస్తానని కెమెరా పట్టుకుని హేచరీ క్వార్టర్సుకి వెళ్ళాను.

లాన్ వంటగది గుమ్మంలో కూర్చుని ఉంది. ఐదో నెల, కాళ్ళు వాచాయి. కాశీ ఒక రొయ్యల టబ్బులో వేడినీళ్ళు పోసి, మోచెయ్యి ముంచి వేడి సరిపోయిందో లేదో చూసి, ఆమె కాళ్ళు అందులో పెట్టాడు. ఆమె బెండకాయలు తరుగుతూ అతనికేదో చెబుతోంది. అతను నవ్వుతున్నాడు. నేను వచ్చిన సంగతి ఇద్దరూ గమనించలేదు. ఒక్క ఫోటో తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో పెట్టుకుని, దాన్ని ముట్టుకోబుద్ధి కాక అలాగే కూర్చున్నాను. మంచి ఫోటో తీయడం నాకు వచ్చన్న సంగతి ఎప్పుడో మర్చిపోయాను. సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది.

కృపానందం గారు దాన్ని ఎక్కువసేపు చూడలేదు. "తిరస్కరించడమైనది."

"ఎందుకండీ?"

"ఇరువురూ కెమెరా వైపు చూడటం లేదు. సందర్భం స్పష్టంగా లేదు. ఒకరు కూరగాయలు తరుగుచున్నారు. ఒకరు నీళ్ళలో చెయ్యి పెట్టియున్నారు. ఇందులో దాంపత్యము ఎక్కడ కనిపించుచున్నది?"

"ఉన్నదంతా అదేనండి!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

కొత్త ఫోటో తెస్తే ఆగస్టు ఇరవైన జరిగే కమిటీలో పెడతామన్నారు. కాశీ బల్ల దగ్గరకి వెళ్ళి రెండు చేతులూ జోడించాడు. వాడు ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు.

"సార్, పదో తారీకుతో వీసా అయిపోతుంది. తనకి ఐదో నెల సార్. తర్వాత విమానం కూడా ఎక్కనివ్వరంట, తను తిరిగొచ్చేలోపు బిడ్డకి నడక కూడా వచ్చేత్తాది. తనతో వెళ్దామన్నా నాకు పాస్‌పోర్టు లేదు సార్."

కృపానందం గారు తల పైకెత్తారు. "స్విట్జర్లాండు వెళ్ళివచ్చిన వ్యక్తికి పాస్‌పోర్టు లేకపోవడమేమిటి? అది వేరే విచారణ అవుతుంది, చూసుకోండి."

వరండాలోకి వచ్చాం. లాన్ ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఏడవలేదు. అప్పుడూ ఏడవలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నాతో అంది, "నేను వెళ్ళిపోతే, బిడ్డకి ఈయన్ని ఫోటోలో చూపించాలండి, బాబాయ్ గారూ. మీరు తీసిన ఆ టబ్బు ఫోటో ఒకటి ఇవ్వండి. కొండల ఫోటో వద్దండి. దాంట్లో ఈయన ఈయనలా లేరండి."

నాకు కోపం వచ్చింది. వాళ్ళ మీదే కాదు, నా మీద కూడా. ఆ కోపంతోనే ఆఫీసు నోటీసు బోర్డు దగ్గరకి వెళ్ళి, అక్కడున్న సిబ్బంది గ్రూపు ఫోటోని నా ఫోన్‌తో నాలుగుసార్లు తీసుకున్నాను.

ఈసారి ఇంటికొచ్చి నా విద్య మొత్తం వాడాను. కృపానందం గారు తన బల్ల వెనక నిలబడి లాన్ చేతికి సర్టిఫికెట్ అందిస్తున్నారు. పక్కన భ్రమరాంబ గారు చప్పట్లు కొడుతున్నారు. కాశీ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గోడ మీద క్యాలెండరులో జూలై పదహారు, అంటే మేం చంద్రుడి ఫోటో ఇచ్చిన రోజు. గడియారంలో పదకొండుంబావు. అన్నీ బాగా కుదిరాయి. ఒక్క కృపానందం గారి మొహమే కుదరలేదు. అలాంటి శుభకార్యం చేస్తున్న మనిషి మొహం అలా ఉండకూడదు. పెదవుల చివర్లు రెండూ వెంట్రుకవాసి పైకి లాగాను. కళ్ళ పక్క రెండు ముడతలు పెట్టాను. ఆయన మంచివాడైపోయాడు.

ఆగస్టు ఏడున ఆ ఫోటో, దానితో పాటు ఒక అర్జీ బల్ల మీద పెట్టాను. 'సదరు సర్టిఫికెట్టు జూలై 16న తమరి చేతులమీదుగా అందుకొనియున్నాము. ఆ ప్రతి దారిలో పోయినది. కావున మరియొక ప్రతి ఇప్పించ ప్రార్థన.' రాసింది నేను, సంతకం లాన్‌ది.

కృపానందం గారు ఫోటో చూశారు. అర్జీ చూశారు. మళ్ళీ ఫోటో చూశారు. "నేను ఇవ్వలేదే?"

"ఫోటో ఉందండి," అన్నాను.

"నాకు జ్ఞాపకం లేదు."

"జ్ఞాపకం మౌఖికమండి."

భ్రమరాంబ గారు ఫోటో తీసుకుని తనని తాను చూసుకున్నారు. చప్పట్లు కొడుతున్న తన చేతుల్ని చూసుకున్నారు. తర్వాత లేచి జారీ రిజిస్టరు తీశారు. జూలై పదహారు పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కిందకి వచ్చారు. ఇంకో రిజిస్టరు తీశారు. ఆవిడ మొహంలో రంగు మారింది.

"సార్," అన్నారు మెల్లగా. "మెమో పద్నాలుగు ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చినట్టే. కానీ మన దగ్గర ఆఫీసు కాపీ లేదు. నంబరు లేదు. జారీ రిజిస్టరులో ఎంట్రీ లేదు. లోపం మనదవుతుంది."

"ఈ ఫోటో కల్పితమైయుండవచ్చును," అన్నారు కృపానందం గారు. కానీ అనేటప్పుడే ఆయన గొంతు జారింది.

"అలా అంటే, ఈ ఛాయాగ్రాహకుడి ఫోటోల మీద మనం క్రమబద్ధీకరించిన స్విట్జర్లాండు సంగతేమిటి సార్? చంద్రుడి మీద సంతృప్తికరం అని ముద్ర వేసింది మీరే. మిగతా రెండు వందల పన్నెండు ఫైళ్ళలో కూడా ఆల్బమ్‌లే ఉన్నాయి."

కృపానందం గారు ఫోటోని దగ్గరగా పెట్టుకుని తన మొహాన్నే చూస్తున్నారు. ఇంటి నుంచి తప్పిపోయిన మనిషిని గుర్తుపట్టడానికి పిలిస్తే వచ్చినవాళ్ళు అలా చూస్తారు.

"ఆ రోజు నేను ఇంత సంతోషంగా ఇచ్చానా?" అని అడిగారు. అది లేఖ భాష కాదు.

"ఇచ్చారండి," అన్నాను.

"నవ్వాను కూడా."

"నవ్వారండి."

ఆయన తల ఊపి ఫారం తీసి సంతకం పెట్టారు. 'ఆఫీసు ప్రతి లభ్యము కానందున పునర్జారీ చేయడమైనది' అని కింద రాసి, భ్రమరాంబ గారి చేత రిజిస్టరులో వెనక తేదీన ఎక్కించారు. సర్టిఫికెట్ లాన్‌కి ఇచ్చేటప్పుడు ఆయన మొహం ఎప్పటిలాగే ఉంది. మేం గుమ్మం దాటుతుంటే నన్ను వెనక్కి పిలిచారు. "ఈ ఫోటో ఫైల్లో ఉంచాలి. ఇంకొక ప్రతి..." అని కాస్త ఆగి, "వ్యక్తిగత అవసరం. ఇంట్లో చూపించాలి," అన్నారు. పంపుతానన్నాను.

బయట బస్టాపులో మంగతాయారమ్మ కోడల్ని పట్టుకుని ఏడ్చేసింది. కాశీ మొహం తుడుచుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు. లాన్ సర్టిఫికెట్‌ని రెండు చేతులతో పట్టుకుని పైనుంచి కిందదాకా చదివింది. ముద్ర మీద వేలితో రుద్ది చూసింది. వెనక్కి తిప్పి చూసింది. తర్వాత నావైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఇది నిజమైందేనాండి, బాబాయ్ గారూ? మీరు చేసిందాండి?"

నిజమైందేనమ్మా అన్నాను. ఆ అమ్మాయి నమ్మలేదు. కాశీకిచ్చింది. కాశీ ఎండకి పట్టి చూసి నాకిచ్చాడు. నేనూ ఎండకి పట్టి చూశాను.